లాగి చూడని కుర్చీ

విమానం ఎక్కినవాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తారు. కాళ్ళ కింద నేలవైపు చూసేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. నేను మాత్రం పన్నెండేళ్ళు ఆ నేల మీదే మోకాళ్ళు అరగదీశాను. ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు ఆ మోకాళ్ళు నన్ను తిడుతుంటాయి.

మా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. విమానం నేలలో, ఈ చివర నుంచి ఆ చివర దాకా, అల్యూమినియం పట్టాలు పొదిగి ఉంటాయి. పట్టా మధ్యలో గాడి, గాడి పొడుగునా అంగుళానికొకటి చొప్పున గుండ్రటి రంధ్రాలు. కుర్చీ కాలి కింద బొత్తాల్లాంటి బుడిపెలు ఉంటాయి. ఆ బుడిపెల్ని రంధ్రాల్లోకి దించి, కుర్చీని అర అంగుళం జరిపితే అవి గాడి అంచుల కిందికి పోతాయి. ఇక కుర్చీ పైకి లేవదు. కానీ అర అంగుళం జరిగి లోపలికి పోయింది అర అంగుళం జరిగి బయటికీ వస్తుంది కదా. అలా రాకుండా వెనక కాలిలో ఒక పిన్ను ఉంటుంది. దాన్ని స్పానరుతో తిప్పుతూ కిందికి దించితే రంధ్రంలో కూర్చుంటుంది. కుర్చీని పట్టుకుని ఉండేది నిజానికి ఆ పిన్నే. పిన్ను దిగిన కుర్చీ, దిగని కుర్చీ పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. అందుకే చివర్లో కాగితం మీద సంతకం పెట్టేవాడు ప్రతి కుర్చీనీ చేత్తో ముందుకీ వెనక్కీ లాగి చూడాలి. కంటితో చూడడం కాదు, చేత్తో లాగాలి. నేను పనిచేసిన విమానాల కంపెనీలో నేర్పిన మొదటి పాఠం అదే.

నాకు ఆ పాఠం చెప్పినవాడు మా మామ, అమ్మకు తమ్ముడు. యుద్ధం రోజుల్లో ఆ విమానాల మైదానం చెరకు తోటల మధ్య మట్టిదారిగా ఉన్నప్పటి నుంచీ అక్కడ పనిచేస్తున్న మనిషి. మాది నువెల్ ఫ్రాన్స్, మా తాతలు చెరకు పనికి వలస వచ్చిన దీవిలో మెట్ట మీది ఊరు. ఎప్పుడూ వాన, మంచు. పొద్దున్నే మామా నేనూ ఒకే బస్సులో కిందికి దిగేవాళ్ళం. బస్సులో ఆయన నోటికి తాళం వేసుకుని కూర్చునేవాడు. విమానాలు నిలిపే హ్యాంగరులో అడుగు పెట్టాడంటే మాత్రం ఆ నోరు మూతపడేది కాదు. కుర్చీ కాలికి పేరు, పట్టాకి పేరు, తేడాగా ఉన్న ప్రతి స్క్రూకీ ఒక తిట్టు, అన్నీ మా దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్‌లో.

శనివారం మధ్యాహ్నం మాత్రం వేరే మనిషి. గుడి పక్క రేకుల గదిలో తెలుగు క్లాసు పెట్టేవాడు. రామభజనలో ముందు పాడేదీ ఆయనే. అప్పన్న పూజ నాడు చదవాల్సినవి తప్పు లేకుండా చదవగలిగిన నలుగురిలో ఆయనొకడు. గ్రీజు మరకలు పోని వేళ్ళతో సుద్దముక్క పట్టుకుని "అ" రాస్తుంటే చూడముచ్చటగా ఉండేది. నేనీ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆయన పుణ్యమే. మాకు ఇంట్లో మిగిలిన తెలుగు ఎంతని? అమ్మ, అయ్య, మామ, అత్త, దండం, రెండు పాటలు. మిగతాదంతా క్రెయోల్.

అప్పటికి స్వాతంత్ర్యం ఖాయమైపోయింది. ఎప్పుడన్నదే తేలాలి. కంపెనీలోనూ అదే గాలి. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు ఇక ఏడాదో రెండేళ్ళో ఉంటాడు. వెళ్ళేలోపు తనిఖీ ముద్ర మనవాళ్ళలో ఒకరికి ఇవ్వాలి. బొటనవేలంత ఉక్కు ముక్క అది, చివర ఒక అంకె చెక్కి ఉంటుంది. ఆ ముద్ర పడిన విమానమే ఎగురుతుంది. మాలాంటివాళ్ళ చేతికి అది అంతవరకూ రాలేదు. మేం సంతకం పెడితే దాని పక్కన ఇంజనీరు ముద్ర పడాల్సిందే. ఈసారి మామ పేరు పైకి వెళ్ళిందని అందరికీ తెలుసు. మామ పైకి ఏమీ అనలేదు కానీ చొక్కా జేబుకి అత్త చేత గుండీ కుట్టించాడు. ముద్ర జారిపోకుండానట. ఎంత ఏడిపించామో ఆ గుండీ గురించి.

నాకు కోపం త్వరగా వస్తుంది, ఉత్సాహం అంతకంటే త్వరగా వస్తుంది. రెండూ మంచివి కావు. ఒక శనివారం తెలుగు సభవాళ్ళు క్లాసుకి వచ్చి, ఎవరైనా మీ పెద్దల భాష ఏదని అడిగితే తెలుగని గట్టిగా చెప్పండి, కాగితం మీద రాయించండి అని చెప్పి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది.

"మామా, కాగితం మీద తెలుగా? నోట్లో క్రెయోలా? సిగ్గు లేదూ మనకి?" అన్నాను.

"సిగ్గు ఉంటే ఏం చేస్తావు, అల్లుడూ?"

"సోమవారం నుంచి వారం రోజులు మనిద్దరి మధ్య తెలుగే. పనిలో కూడా. ఒక్క క్రెయోల్ ముక్క రాకూడదు."

మామ నవ్వాడు. "ఎ బె, చూద్దాం," అన్నాడు. ఆ "ఎ బె" కూడా క్రెయోలే అని నేను పట్టుకుంటే, లెంపలు వేసుకున్నట్టు నటించి, "సోమవారం నుంచి కదా," అన్నాడు.

ఆ వారమే పని ఎక్కువగా పడింది. తుఫాను తర్వాత కుర్చీలన్నీ తీసేసి విమానంలో సరుకు మోశారు. ఇప్పుడు మళ్ళీ కుర్చీలు బిగించి ప్రయాణికుల్ని ఎక్కించాలి. మేమిద్దరం మూడు రోజులు తెలుగులోనే నెట్టుకొచ్చాం. ఎత్తు, దించు, జరుపు, ఆగు. ఈ నాలుగు మాటలతో విమానం సగం సర్దేశాం. హ్యాంగరులో మిగతావాళ్ళు మమ్మల్ని చూసి పంతుళ్ళూ అని పిలవడం మొదలుపెట్టారు. నాకైతే ఛాతీ ఉబ్బిపోయింది.

నాలుగో రోజు వాన. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి పక్కనున్నవాడి మాట కూడా సగమే వినపడుతోంది. మామకి నడుం పట్టేసింది, ఎత్తలేనన్నాడు. మామూలుగా ఆయన ముందు వైపు పట్టి ఎత్తి దించుతాడు, నేను వెనక మోకాళ్ళ మీద కూర్చుని పిన్ను తిప్పుతాను. ఆ రోజు తారుమారయ్యాం. నేను ముందు, ఆయన వెనక. ముందున్నవాడికి వెనక కాలు కనపడదు, అందుకే మాట మీద ఆధారపడాలి. వరస తర్వాత వరస, పిన్ను దించగానే మామ "అయింది" అనేవాడు. నేను తర్వాతి కుర్చీకి పోయేవాణ్ణి.

చివరి వరస దగ్గర గాడిలో ఏదో చెత్త ఇరుక్కుని కుర్చీ ఒక పట్టాన దిగలేదు. తీశాం, తుడిచాం, మళ్ళీ దించాం, జరిపాం. నేను ముందు పట్టుకుని నిలబడ్డాను. "అయింది" రాలేదు. భోజనం వేళ దాటిపోయింది, చేతులు లాగేస్తున్నాయి. పిన్ను దిగిందా అని అడగాలి. అప్పుడు తెలిసింది, ఆ పనిని తెలుగులో ఏమంటారో నాకు తెలియదని. మూడు రోజులూ ఆ మాట అవసరం రాలేదు, ఆ పని చేసింది నా చేతులే కనుక. నాలిక మీదికి వచ్చింది మా క్రెయోల్ మాటే.

"సెరే?" అన్నాను.

సెరే అంటే క్రెయోల్‌లో బిగించు అని, బిగించావా అని, బిగించాను అని. ఎలా అంటే అలా. హ్యాంగరులో రోజుకి వందసార్లు వినపడే మాట.

వెనక నుంచి మామ గొంతు వచ్చింది. "సరే."

ఆయన తెలుగు వారంలో ఉన్నాడు. మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. వాన చప్పుడులో నా "సెరే" ఆయన చెవిలో "సరే?" అయింది. కుర్చీ సరిగ్గా కూర్చుందా అని అడుగుతున్నాననుకున్నాడు. కూర్చుంది కాబట్టి సరే అన్నాడు. ఇక పిన్ను తిప్పబోతుంటే, స్టోరు మనిషి తలుపు దగ్గర నిలబడి "విన్ ఇసి ఎన్ కూ!" అని కేకేశాడు, ఏదో పెట్టె గుర్తుపట్టడానికి ఒక్కసారి రమ్మని. మామ స్పానరు నేల మీద పెట్టి వెళ్ళాడు. నేనేమో ఆయన బిగించానన్నాడని, పని పూర్తి చేసుకునే వెళ్ళాడని అనుకున్నాను. ఆయన తిరిగొచ్చేసరికి నేను పనిముట్లు పెట్టెలో వేసి మూత పెడుతున్నాను. స్పానరు పెట్టెలో ఉంది, కాగితం మీద నా సంతకం ఉంది. మిగిలింది అల్లుడే బిగించాడని ఆయన అనుకున్నాడు.

సంతకానికి ముందు లాగి చూడాలి కదా. చూశాను. మొదటి వరస నుంచి ఒక్కొక్కటీ ముందుకీ వెనక్కీ లాగుతూ వచ్చాను. చివరి వరస దగ్గరికి వచ్చి ఆగాను. నాకు పాఠం చెప్పిన మనిషి నాకు వినపడేట్టు నోటితో చెప్పాడు. ఆయన మాటని మళ్ళీ చేత్తో లాగి పరీక్షించడం ఏం మర్యాద అనిపించింది. ఆ రోజు మిగతా కుర్చీలూ ఆయనే బిగించాడు, వాటిని లాగినప్పుడు ఈ మర్యాద ఎక్కడికి పోయిందో నాకిప్పటికీ తెలియదు. ఆకలి కూడా వేసింది. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నానేమో. సంతకం పెట్టేశాను. తర్వాత ఇంజనీరు వచ్చి నా సంతకం చూసి ముద్ర కొట్టాడు.

రెండు రోజుల తర్వాత ఆ విమానం పక్క దీవి నుంచి తిరిగి వస్తూ గాలివానలో దిగింది. చక్రాలు నేలను గట్టిగా కొట్టాయి. చివరి వరస కుర్చీ గాడిలోంచి ఊడి ముందుకి పల్టీ కొట్టింది. అందులో కూర్చున్నావిడ ఒక్కతే. సుయాక్ ఊళ్ళో బట్టలు కుడుతుంది, అక్క దగ్గరికి వెళ్ళి వస్తోంది. ముందు కుర్చీకి కొట్టుకోకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆవిణ్ణి కిందికి దించుతున్నప్పుడు నేను మెట్ల దగ్గరే ఉన్నాను. ఆవిడ ఏడవలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కాదన్నట్టు చూస్తోంది.

మర్నాడు మమ్మల్నిద్దరినీ ఆఫీసుకి పిలిచారు. వరండాలో నిలబడి ఉండగా మామ నన్ను అడిగాడు.

"చివరిది బిగించింది నువ్వు కాదా?"

"నువ్వే కదా సెరే అన్నావు."

మామ నా వైపు తిరిగాడు. "నేను సరే అన్నాను," అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. నవ్వాల్సిన విషయం. ఇంకే రోజైనా అయితే కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

లోపల ఇంజనీరు నన్నే ముందు అడిగాడు. అరిచే మనిషి కాదు, మెల్లగా అడిగాడు. సంతకం నీదేనా? అవునన్నాను. చివరి కుర్చీని చేత్తో లాగి చూశావా?

నాకు ఆ గదిలో ఫ్యాను చప్పుడు గుర్తుంది. నా భార్యకి ఏడో నెల. లేదు అంటే ఏమవుతుందో తెలుసు. "యెస్ సర్," అన్నాను.

అబద్ధం ఆడాను. నోరు జారడం కాదు. ఆలోచించే ఆడాను.

ఇంజనీరు మామ వైపు తిరిగాడు. ఇతను లాగినప్పుడు గట్టిగా ఉన్న కుర్చీ ఎలా ఊడింది? మామ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అతను లాగి చూసి వెళ్ళాక, వరస వంకరగా కనిపిస్తే నేనే మళ్ళీ పిన్ను వదులు చేశాను, జరిపాను, తిరిగి బిగించడం మర్చిపోయాను, అన్నాడు. తన జీవితంలో ఒక్క స్క్రూ కూడా మర్చిపోని మనిషి. ఆయన కూడా అబద్ధం ఆడాడు. నా అబద్ధం నిలబడడానికి కావలసినంత ఆడాడు, ఒక్క మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు.

ఆ వారంలోనే మామని పంపించేశారు. ఆయన బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే వెనకాల పరిగెత్తాను.

"జరిగింది చెప్పాల్సింది మామా. సెరే, సరే అని. అర్థం చేసుకునేవాళ్ళేమో."

"ఏం అర్థం చేసుకుంటారు? నవ్వుతారు. రేపటి నుంచి మీ భాష ఇక్కడ మాట్లాడకండి అంటారు. మన భాష మనిషి చెయ్యి విరగ్గొట్టింది అని చెప్పుకుంటారు. నేను చేతకానివాణ్ణి అంటే నా ఒక్కడి పరువే పోతుంది." కొంచెం దూరం నడిచాక అన్నాడు. "సెరేని తెలుగులో బిగించు అంటారు. బి-గిం-చు. నేను ముందే చెప్పి ఉండాల్సింది. తప్పు నాదీ ఉంది."

నేను లాగి చూశానా లేదా అని ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని నేను గుమ్మం దాకా భయపడ్డాను. అడగనందుకు ఇంటికొచ్చి సంతోషించాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మామ ఇంటి వెనక కూరగాయలు వేసుకున్నాడు. శనివారం క్లాసు మానలేదు. నేనూ మానలేదు, వెనక బల్ల మీదికి మారాను. ఒకసారి సుయాక్ వెళ్ళాను, ఆవిడకి చెబుదామని. వీధిలోంచే కనపడింది. ఎడమచేత్తో కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరిస్తోంది. గుడ్డ జరిగిపోకుండా కుడి మోచేత్తో నొక్కి పెట్టింది. కత్తెర ఎడమచేతికి తిరగడం లేదు. నాలుగు వేళ్ళ గుడ్డ తెగడానికి ఎంతసేపు పట్టిందో నిలబడి చూశాను. గుమ్మం ఎక్కలేక తిరుగు బస్సు ఎక్కేశాను.

తర్వాత జెండా మారింది. దేశమంతా పాటలు, దీపాలు. ఇంజనీరు పెట్టెలు సర్దుకుంటూ ఒక గురువారం నన్ను పిలిచి, ముద్ర నా చేతిలో పెట్టాడు. మనవాళ్ళలో మొదటిది. అది నా దగ్గర ఉన్నది నాలుగు రోజులే. సోమవారం పొద్దున వెనక్కి ఇచ్చేసి, ఆవేళ నన్నడిగిన ప్రశ్నకి సరైన జవాబు చెప్పి వచ్చాను. ఆ తర్వాత మళ్ళీ విమానం నేల మీద మోకాలు పెట్టలేదు, బళ్ళు బాగుచేసుకుని బతికాను. కానీ సోమవారానికి ముందు శనివారం ఉంది.

ఆ శనివారం క్లాసుకి వెళ్ళేసరికి గది నిండా జనం. మామ దండ తెప్పించాడు. తన చేత్తో నా మెడలో వేసి, అందరి వైపూ తిరిగి, "మన ఊరి మనిషికి ముద్ర వచ్చింది. ఇతను ఇప్పుడు నాలుగు మాటలు తెలుగులో చెబుతాడు," అన్నాడు. ఆయన మొహంలో ఎక్కడా వెటకారం లేదు. వెతికాను. ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. సొంత కొడుక్కి వచ్చినట్టే సంతోషపడుతున్నాడు. అత్త ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

లేచి నిలబడ్డాను. కృతజ్ఞతలు అని మొదలుపెట్టాలని ఇంటి దగ్గర రాసుకుని వచ్చాను. ఆ కాగితం జేబులోంచి తియ్యలేదు. మామ అప్పటికే సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. క్లాసులో ఎవరు మాట్లాడినా తప్పులు బోర్డు మీద దిద్దడం ఆయనకి అలవాటు.

"మామ మర్చిపోలేదు," అన్నాను. "మామ పిన్ను వదులు చెయ్యలేదు. ఆఫీసులో నేను అబద్ధం చెప్పాను. ఆ చివరి కుర్చీ..." అక్కడ ఆగిపోయాను. "ఆ చివరి కుర్చీని నేను లాగి చూడలేను."

కూర్చోబోయాను.

"నిలబడు," అన్నాడు మామ.

నిలబడ్డాను. ఆయన బోర్డు మీద రాయలేదు. సుద్దముక్క చేతిలోనే ఉంది. కోపం వచ్చినప్పుడు ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు హ్యాంగరులో తెలుసు. ఇది ఆ గొంతు కాదు. పిల్లలకి ఒత్తులు చెప్పే గొంతు.

"చూడలేను కాదు. చూడలేను అంటే నీ వల్ల కాదని. నీ చేతులకేమైంది? బాగానే ఉన్నాయి. నీ వల్ల అయ్యేదే. నువ్వు చెయ్యలేదు. ఆ మాట సరిగ్గా చెప్పు."

అత్త తల వంచుకుంది. నేను మామ మొహం వైపే చూశాను. ఏడాదిన్నరగా ఆయన నన్ను అడగనిది ఇదేనని, అడగకుండా కనిపెట్టుకుని ఉన్నది దీని కోసమేనని అప్పుడు తెలిసింది. ఆయన కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"నేను లాగి చూడలేదు," అన్నాను.

"మళ్ళీ," అన్నాడు.